వాక్యానికి ఏ వేళ, ఎంత భాగం: పనిపాటలు చేసుకొనే విశ్వాసుల కోసం ఒక పోలిక

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి, కొత్త యేటికి ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డు చేతికి వచ్చాక, మన సంఘాలలో చాలామంది మనసులో ఒకే తీర్మానం చేసుకొంటారు: ఈ యేడు బైబిలు మొత్తం చదివి తీరాలి. విజయనగరంలో మా సంఘపు పెద్దల బైబిలు తరగతిని ఎన్నో ఏళ్లుగా నడుపుతున్న నేను, ఆ తీర్మానం ఫిబ్రవరి దాటి నిలిచిన ఇళ్లను తక్కువగానే చూశాను. ఆగిపోయినవారికి భక్తి లేదని నేనెన్నడూ అనుకోలేదు. ఉపవాస ప్రార్థనకు ఒక్క వారమైనా మానకుండా వచ్చేవారు, పంట చేతికి రాగానే మొదటి బస్తాను మందిరానికి మోసుకొచ్చేవారు కూడా వారిలో ఉన్నారు. వారు ముందుగా పఠన ప్రణాళిక తెచ్చుకొని, ఆ తరువాత దానికి సమయం కోసం వెతికారు. నేనూ రెండుసార్లు అలాగే మొదలుపెట్టి సంఖ్యాకాండములో ఆగిపోయాను. రోజు మొత్తంలో నిజంగా మన చేతిలో ఉండే వేళ ఏదో ముందు తేల్చుకొని, ఆ వేళలో పట్టేంత భాగాన్ని తరువాత ఎంచుకొన్నవారి పఠనమే నిలుస్తుందని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

వేకువా, రాత్రా, దారిలోనా

మన బోధలలో వేకువ ధ్యానానికి ఉన్న గౌరవం మరే వేళకూ లేదు. యేసు ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం 35వ వచనంలో ఉంది గనుక, ఆ గౌరవానికి గట్టి ఆధారమే ఉంది. ఆ వేళ ఫోను మోగదు, వాకిట ఎవరూ పిలవరు, మనసు ఇంకా ఆ రోజు లెక్కలలో చిక్కుకొని ఉండదు. పదవీ విరమణ చేసినవారికి, బడి పంతుళ్లకు, తొమ్మిదింటికి దుకాణం తెరిచేవారికి ఇంతకంటే మంచి వేళ లేదని నేనూ చెబుతాను.

అయితే వేకువ అందరి చేతిలోనూ ఉండదు. వరి ఊడుపుల రోజులలో నాలుగున్నరకే లేచి వంట ముగించుకొని తెల్లవారేసరికి మడిలో దిగవలసిన స్త్రీకి, పలాసలో జీడిపప్పు పనికి చీకటితోనే బయలుదేరేవారికి, సైన్యంలో చేరాలనే ఆశతో తెల్లవారుజామునే మైదానంలో పరుగు సాధన చేసే శ్రీకాకుళం యువకులకు, భావనపాడు, కళింగపట్నం తీరాలలో వేటకు పడవ ఎక్కే మత్స్యకారులకు ఆ గంట ఎప్పుడో ఖర్చయిపోయింది. వేకువనే మోకాళ్లూనని విశ్వాసి బలహీనుడని వేదికపై నుంచి చెప్పడం వీరికి అన్యాయం చేయడమే. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇంటి యజమాని వేకువన గంటసేపు ప్రశాంతంగా చదువుకోగలుగుతున్నాడంటే, అదే గంటలో కుళాయి దగ్గర నీళ్లు పట్టి, పొయ్యి వెలిగించి, పిల్లలకు క్యారేజీలు కడుతున్నవారు ఆ ఇంట్లో ఎవరో ఉన్నారు. ఇంటి పనుల తొందరలో పడి యేసు మాటలు వినలేకపోయిన మార్త వృత్తాంతాన్ని లూకా 10వ అధ్యాయం నుంచి ఆమెకు వినిపించే ముందు, ఆ పనిలో సగం తాను అందుకొని ఆమెకు అరగంట మిగల్చడం ఆ యజమాని బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రాత్రి పఠనానికి ఉన్న బలం ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండటం, బలహీనత అలసట. అన్నం తిన్న తరువాత తెరిచిన బైబిలు ఎక్కువగా నిద్రలోనే మూతపడుతుంది. అందుచేత రాత్రిని ఎంచుకొనేవారు పఠనాన్ని భోజనానికి ముందుకు జరుపుకోవాలని నా సలహా. పది నిమిషాలు ఆలస్యంగా తినడం ఎవరికీ కష్టం కాదు, ఆకలి మనిషిని మెలకువగానే ఉంచుతుంది. పైడిభీమవరం మందుల పరిశ్రమలలో షిఫ్టులలో పనిచేసేవారికి మాత్రం గడియారాన్ని బట్టి పెట్టుకొన్న ఏ వేళా నిలవదు, ఎందుకంటే ఈ వారం పగలు వచ్చే వారానికి రాత్రి అవుతుంది. వారు వేళను గంటకు కాక ఒక పనికి ముడివేసుకోవాలి: డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసిన వెంటనే, అది ఉదయం ఏడైనా రాత్రి పదకొండైనా, ఆ పావుగంట వాక్యానిది. షిఫ్టు ఏదైనా స్నానం తప్పదు గనుక, దానికి ముడివేసిన పఠనమూ తప్పదు.

ప్రయాణ సమయాన్ని కొందరు తక్కువగా చూస్తారు. విజయనగరం నుంచి విశాఖపట్నానికి అరవై కిలోమీటర్లు రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగికి, పలాస నుంచి విశాఖ వైపు ప్యాసింజరులో వెళ్లే విద్యార్థికి రైలులో దొరికే గంట ఇంట్లో దొరకదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారి యెరూషలేము నుంచి తిరిగి వెళుతూ రథంలో కూర్చుండి యెషయా గ్రంథం చదువుతూనే కనబడతాడు. ప్రయాణంలో చదవడం తక్కువ రకపు పఠనమైతే లేఖనం ఆ సంగతిని అంత వివరంగా చెప్పి ఉండదు. అదే అధ్యాయం ఈ వేళకున్న లోటును కూడా చూపిస్తుంది: చదివింది అతనికి అర్థం కాలేదు, అడగడానికి సువార్తికుడైన ఫిలిప్పు కావలసి వచ్చింది. దారిలో చదివేవారు అర్థం కాని వచనాల అంకెలను ఒక చిన్న కాగితం మీద రాసుకొని ఆదివారం పాస్టరుగారినో తరగతిలోనో అడగాలి. అలా అడిగేవారు ఉన్నప్పుడే మా తరగతి బాగా నడిచింది.

నిరీక్షించే సమయం కూడా ఒక వేళే. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధితో డయాలసిస్‌కు వెళ్లేవారు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల వరకు, ఒక చేయి కదపకుండా పడుకొని ఉండాలి. పుస్తకం పట్టుకోవడం వారికి సాధ్యం కాదు. చెవిలో వినబడే కీర్తనలు మాత్రం ఆ నాలుగు గంటలను వేరే విధంగా మారుస్తాయని ఒక సోదరుడి మంచం పక్కన కూర్చున్నప్పుడు నేను కళ్లారా చూశాను.

ఏ వేళ మీదో తెలియకపోతే మూడు రోజులపాటు ఉదయం నుంచి రాత్రి వరకు ఏ గంట ఎలా గడిచిందో కాగితం మీద రాయండి. “మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము” అని 90వ కీర్తనలో ఉన్న మోషే ప్రార్థనను నేను ఈ పనికి కూడా అన్వయించుకొంటాను. మూడు రోజులలోనూ ఎవరూ మిమ్మల్ని పిలవని పదిహేను నిమిషాలు ఎక్కడ కనబడితే అదే మీ వేళ.

మొత్తం బైబిలా, ఒక సువార్తా

ప్రొటెస్టెంటు బైబిలులోని 66 గ్రంథాలలో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. వారంలో ఆరు రోజులు మూడేసి అధ్యాయాలు, ఆదివారం అయిదు అధ్యాయాలు చదివితే ఒక సంవత్సరంలో మొత్తం పూర్తవుతుంది. లెక్క సులభంగానే ఉంటుంది, కాని మన జిల్లాల జనవరి నెలను దాని పక్కన పెట్టి చూడండి. ఆదికాండములో 50, నిర్గమకాండములో 40 అధ్యాయాలు ఉన్నాయి గనుక, ఒక్క రోజూ తప్పనివారు సరిగ్గా జనవరి నెలాఖరుకు లేవీయకాండములోని బలుల నియమాల దగ్గరకు చేరుతారు. మధ్యలో సంక్రాంతికి హైదరాబాదుకు, చెన్నైకి వలస వెళ్లిన బంధువులందరూ దిగుతారు. నాలుగు రోజులు ఇల్లు నిండుగా ఉంటే పన్నెండు అధ్యాయాలు వెనుకబడతాయి. కథనం ఆగి నియమాలు మొదలయ్యే చోటికి, పన్నెండు అధ్యాయాల బాకీతో, అలసిన మనిషి చేరుకొంటాడు. ప్రణాళిక విఫలమయ్యే చోటు ఇదే.

స్కాట్లాండులో డండీ పట్టణపు కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన ప్రణాళికను మన దగ్గర కూడా కొందరు అనుసరిస్తున్నారు. రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున సంవత్సరంలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. నాలుగు అధ్యాయాలు నాలుగు వేరువేరు గ్రంథాల నుంచి వస్తాయి గనుక లేవీయకాండము చదివే రోజున కూడా ఒక కీర్తనో సువార్త భాగమో తోడుంటుంది. ఈ విషయంలో అది వరుస పఠనం కంటే మేలు. అయితే ఆ కాపరి తన ప్రణాళికతోపాటే దానిలోని ప్రమాదాలను కూడా రాశాడు: అది మొక్కుబడిగా మారవచ్చు, స్వనీతికి దారితీయవచ్చు, అజాగ్రత్తగా చదివించవచ్చు, మోయలేని కాడి కావచ్చు. మరుసటి ఏడాదే, ముప్పై ఏళ్లయినా నిండకుండానే అతడు మరణించాడు. ప్రణాళికను ఇచ్చినవాడే దాని బరువును గుర్తించాడు గనుక, దానిని మోయలేనివారిని నిందించే హక్కు మనకు లేదు. రోజుకు నలభై నిమిషాలకు తక్కువ కాకుండా, అదీ కదలని వేళలో, ఉన్నవారికే ఈ రెండు పద్ధతులనూ నేను సిఫారసు చేస్తాను.

కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకొక అధ్యాయం చొప్పున చదివితే 52 వారాలలో సరిగ్గా పూర్తవుతుంది, వారానికి రెండు రోజులు ఖాళీగా మిగులుతాయి. తప్పిన అధ్యాయాలకు చోటు ముందే ఉండటం ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణం. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు దొరికేవారికి ఇది సరిపోతుంది.

ఇంతకుముందు ఎన్నడూ క్రమంగా చదవనివారికి, చదివి ఆగిపోయినవారికి నేను చెప్పేది మాత్రం ఒకే ఒక సువార్త, అదీ మార్కు. పదహారు అధ్యాయాలు, గట్టిగా చదివినా మొత్తానికి రెండు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. పదహారు రోజులలో ముగించి, మళ్లీ మొదటి నుంచి, ఈసారి రోజుకు సగం అధ్యాయం చొప్పున నెమ్మదిగా చదవాలి. రెండవసారి చదివేటప్పుడే వాక్యం మనతో మాట్లాడటం మొదలవుతుంది: మొదటిసారి కథగా దాటిపోయిన చోట రెండవసారి ఆగుతాం. “ఒక్క సువార్తేనా, అంత తక్కువా” అని అడిగేవారికి నేను మన తీరపు చరిత్రనే గుర్తుచేస్తాను. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో విశాఖపట్నానికి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయరు సహాయంతో అనువాదానికి పూనుకొన్నారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారు మొదలుపెట్టిన పనిలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆనాటి మన పూర్వికుల చేతికి మొదట వచ్చింది ఆ కొద్ది భాగమే, వారు దానినే చదివారు, దానినే వినిపించారు.

ఏ రోజు ఏ భాగం చదవాలో సంఘమే నిర్ణయించిన పఠన క్రమాన్ని అనుసరించేవారికి ఎంపిక భారం తగ్గుతుంది. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం, దానిలోని కతోలిక విశ్వాసులకు ఆదివార పఠనాలు మూడేళ్ల వలయంలో వస్తాయి. ఆ రోజు పూజలో చదివే భాగాన్నే ఇంట్లోనూ చదివితే గురువుగారి ప్రసంగం దానికి వివరణగా దొరుకుతుంది. ఇతర సంఘాలవారు కూడా వచ్చే ఆదివారపు వాక్యభాగం ఏదో పాస్టరుగారిని ముందే అడిగి, వారమంతా దానినే చదవవచ్చు. గ్రంథమంతా ఈ విధంగా పూర్తికాకపోయినా, ఆదివారం విన్నది సోమవారానికి మరచిపోయే అలవాటుకు ఇది మంచి మందు.

ఇక గోడ క్యాలెండరులోని రోజుకొక వచనం. దీనిని పఠనంగా లెక్కించవద్దని వినయంగా కోరుతున్నాను. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వాగ్దాన కార్డుల మీద ఎంతో కనబడుతుంది. దేవుడు మన పట్ల సమాధానకరమైన ఉద్దేశాలు కలిగి ఉన్నాడనే ఆ మాట సత్యమే. కాని అది బబులోనుకు చెరగా వెళ్లినవారికి రాసిన ఉత్తరంలోని మాట, దాని ముందు వచనమే డెబ్బై సంవత్సరాలు గడవాలని చెబుతోంది. కొడుకును గుజరాత్ తీరంలోని వెరావల్ పడవల మీదికి వేటకు పంపి నెలల తరబడి ఎదురుచూసే మన తీరపు తల్లికి 11వ వచనం ఒక్కటే ఇస్తే ఈ నెలలోనే అంతా చక్కబడుతుందని అనుకొంటుంది. అధ్యాయమంతా చదివి వినిపిస్తే, పరాయి ఊళ్లో ఇళ్లు కట్టుకొని తోటలు నాటుకొని ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించమన్న మాట, దీర్ఘకాలపు ఓర్పు, రెండూ దొరుకుతాయి. వచనం నచ్చితే ఆ అధ్యాయాన్ని తెరవడం అలవాటు చేసుకోవాలి.

అచ్చు పుస్తకం, ఫోను, వినికిడి

అచ్చు బైబిలులో మరే ప్రకటనా అడ్డురాదు, అంచున పెన్సిలుతో తేదీ రాసుకోవచ్చు, అమ్మ గీసిన గీతలు పిల్లలకు మిగులుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానం పల్లెలలో రోజుల తరబడి కరెంటు లేక ఫోన్లు మూగబోయినప్పుడు, దీపం వెలుగులో తెరవగలిగినది ఆ పుస్తకమే. ఫోనుకు ఉన్న మేలు వేరు: అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, బస్సులో తీయవచ్చు, రెండు అనువాదాలను పక్కపక్కన చూడవచ్చు. దానితో చిక్కంతా సందేశాల వల్లనే. చదివే పావుగంట నెట్టు ఆపివేయగలిగేవారికి ఫోను మంచిదే, ఆపలేనివారు పుస్తకమే పట్టుకోవాలి.

వినడాన్ని చదవడం కంటే తక్కువగా చూడనక్కరలేదు. వినుట వలన విశ్వాసం కలుగుతుందని రోమా పత్రిక 10వ అధ్యాయం చెబుతుంది, మొదటి శతాబ్దపు విశ్వాసులలో అత్యధికులు వాక్యాన్ని విన్నవారే. సముద్రం మీదికి వెళ్లేవారు సిగ్నలు ఉన్నప్పుడే సువార్తల ధ్వనిని ఫోనులో దింపుకొని వెళ్లాలి.

అనువాదం విషయంలో తరాల మధ్య పేచీ ఉంది. మన మందిరాలలో చదివే పాత అనువాదపు గ్రాంథిక భాష పెద్దవారికి కంఠస్థం, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లలకు అది దాదాపు పరభాష. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటాం. ఆ నేల మీద మన పిల్లలు వాక్యం అర్థం కాక మూసివేయడం నాకు బాధ కలిగిస్తుంది. పిల్లలకు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి వాడుక భాషలో వచ్చిన అనువాదాలను ఇవ్వాలి. కంఠస్థం చేయడానికి మాత్రం పాతదే ఉంచుకోవడం మేలు, ఎందుకంటే సంఘమంతా కలిసి పలికే మాటలు, మరణశయ్య దగ్గర అవ్వకు గుర్తుకువచ్చే మాటలు అవే.

ఒంటరిగా, ఇంటిల్లిపాదితో

ఒంటరి పఠనంలో లోతు ఎక్కువ, కుటుంబ పఠనంలో నిలకడ ఎక్కువ. రెండింటిలో ఒక్కటే సాధ్యమైతే, చదువురానివారు ఉన్న ఇంట్లో కుటుంబ పఠనాన్నే ఎంచుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. నరసన్నపేట వైపు ఒక పల్లెలో ఒక అవ్వ నాతో అన్న మాట ఇది: “నాకు అచ్చరం ముక్క రాదు బాబూ, మా మనవరాలు రోజూ సదివితే ఇంతాను, మరి అది హాస్టలుకెలిపోతే నానేటి సెయ్యాల?” ఆ పిల్ల వెళ్లే ముందు మార్కు సువార్త మొత్తాన్ని తన గొంతుతో ఫోనులో చదివి ఉంచి వెళ్లింది. పిల్లలు ఉన్న ఇళ్లలో చదివే పని పెద్దవారు కాక పిల్లలే చేయాలి; తప్పు చదివితే మధ్యలో ఆపకుండా, చివరన ఒక్క మాట సరిదిద్దితే చాలు. పన్నెండు వచనాలకు మించి చదవవద్దు, ఆ భాగం మీద ఉపన్యాసం ఇవ్వవద్దు.

చదవడం కొన్ని రోజులు తప్పడం ఖాయం గనుక, తప్పినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకొని ఉండాలి. సువార్తనో ఒక పత్రికనో వరుసగా చదువుతున్నవారు గుర్తు ఎక్కడ ఉందో అక్కడి నుంచే కొనసాగాలి, ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టకూడదు. సంఘ పఠన క్రమాన్ని అనుసరించేవారు గడిచినవి వదిలేసి ఈ రోజు భాగాన్నే తెరవాలి. సంవత్సర ప్రణాళికలో ఉన్నవారు కాగితం మీది తేదీలను కొట్టివేసి అధ్యాయాల వరుసను మాత్రమే ఉంచుకోవాలి. బైబిలు పూర్తికావడానికి పదిహేడు నెలలు పడితే పట్టనివ్వండి. సంక్రాంతి బంధువులు వెళ్లిపోయిన మరునాడు పన్నెండు అధ్యాయాలూ ఒక్కసారే చదివి బాకీ తీర్చుకోవాలని మాత్రం కూర్చోవద్దు, ఆ రోజు మూడు చదివితే చాలు.